ఇంజను ఆగింది సరే, ఎలా ఆగింది?

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. మరబోట్లతో పాటు మోటారు బిగించిన తెప్పలకూ అది వర్తిస్తుంది. ఆ రెండు నెలలూ అవుట్‌బోర్డ్ మోటార్లు పట్టా కప్పుకుని ఓ మూల పడుంటాయి. తీరా వేటకు వెళ్లే రోజొచ్చాక తాడు ఎంత లాగినా ఇంజను పలకదు. ఏప్రిల్‌లో చక్కగా నడిచింది, ఆ తర్వాత ఎవరూ చెయ్యి పెట్టలేదు, మరి దీనికేమొచ్చింది? చిన్న అవుట్‌బోర్డుల మొరాయింపు గురించి మాట్లాడాలంటే ఇక్కడి నుంచే మొదలుపెట్టాలి. వీటికొచ్చే తిప్పల్లో పెద్ద భాగం నీళ్లలో నడిచేటప్పుడు పుట్టదు, ఒడ్డున ఊరికే ఉన్నప్పుడు పుడుతుంది.

ఇక్కడ చెప్పేది 2 నుంచి 15 హెచ్‌పీ దాకా ఉండే పెట్రోలు మోటార్ల సంగతి. పడవ అమరం చెక్కకు బిగించి, తాడు లాగి స్టార్ట్ చేసేవి. నార్వేలో పుట్టి అమెరికాలో స్థిరపడ్డ ఓల్ ఎవిన్‌రూడ్ 1909లో మిల్వాకీలో తన మోటారును అమ్మకానికి పెట్టిన నాటి నుంచి వీటి అమరిక పెద్దగా మారలేదు. పైన ఇంజను, మధ్యలో నిలువు షాఫ్టు, కింద గేర్లు, పంకా. ఆ పేరు మీద మోటార్ల తయారీ 2020లో ఆగిపోయినా అమరిక అలాగే ఉంది. మన తీరంలో చాలా ఫైబర్ తెప్పల మీద కనిపించే పొడుగు తోక డీజిల్ ఇంజను వేరే జాతి. దానికి ప్లగ్గు లేదు, కార్బరేటర్ లేదు. గాలితో చల్లబడే రకమైతే నీళ్ల పంపు కూడా ఉండదు. దాని పేచీ ఎక్కువగా డీజిల్ లైన్లో గాలి చేరడం, ఫిల్టర్లో నీళ్లు చేరడం. ఫిల్టర్ దగ్గరి స్క్రూ వదులు చేసి, బుడగలు పోయి డీజిల్ ధారగా వచ్చేదాకా చేతి పంపు కొడితే చాలావరకు తీరుతుంది. దాని సంగతి అంతటితో వదిలేద్దాం.

మోటారు ఆగితే సలహాలు మూడు వైపుల నుంచి వస్తాయి. మొదటిది కంపెనీ పుస్తకం. అందులో ఒక పట్టిక ఉంటుంది. ‘స్టార్ట్ కావడం లేదు’ అన్న గడి కింద వరసగా కారణాలు. ట్యాంకు ఖాళీ అన్నదీ, లోపల రింగులు అరిగాయన్నదీ పక్కపక్కనే, ఒకే సైజు అక్షరాల్లో. దేన్ని ముందు చూడాలో, దేనికి ఎంత ఆస్కారం ఉందో పుస్తకం చెప్పదు. రెండోది మెకానిక్కు. ఆయన చెయ్యి నేరుగా కార్బరేటర్ మీదకు పోతుంది. ‘కచరా పట్టింది, ఊడదీయాలి’ అంటాడు. చాలాసార్లు నిజమే. కానీ కచరా ఎక్కణ్ణుంచి వచ్చిందో చూడకుండా శుభ్రం చేసి ఇస్తే కొన్నాళ్లకు మళ్లీ అదే బేరం. మూడోది తోటి సరంగు మాట: ‘ప్లగ్గు మార్చెయ్.’ ప్లగ్గు చవక, మార్చడం తేలిక, కాబట్టి నింద దాని మీద పడుతుంది. ముగ్గురూ అనుభవం మీదే మాట్లాడుతున్నారు. అయితే ఎవరూ ముందుగా అడగని ప్రశ్న ఒకటుంది: ఇంజను ఏ తీరుగా ఆగింది?

టక్కున, ఎవరో స్విచ్ కట్టేసినట్టు ఆగితే కరెంటు వైపు చూడాలి. ముందు దగ్గి, స్పీడు పడుతూ లేస్తూ కాసేపు ఈడ్చి ఆగితే పెట్రోలు అందడం లేదు. బలం తగ్గుతూ, మోత బరువెక్కి, పైకప్పు మీద చెయ్యి పెట్టలేనంత వేడెక్కి ఆగితే నీళ్లు తిరగడం లేదు. ఇంజను గట్టిగా మోగుతున్నా పడవ కదలకపోతే తప్పు కింద పంకా దగ్గరుంది. ఈ లెక్క ఎప్పుడూ తప్పదని కాదు. స్పార్కు పుట్టించే సీడీఐ పెట్టె వేడెక్కితే పనిచేయడం మానేసి, కాసేపు పెట్రోలు ఎండినట్టే నటించి మోసం చేస్తుంది. అయినా పానా చేతబట్టక ముందే వెతకాల్సిన చోటు ఈ ఒక్క ప్రశ్నతో బాగా తగ్గిపోతుంది.

ఇంకో మాట. ఏదైనా ఊడదీసే ముందు మూడు చూడాలి: సరంగు నడుముకో చేతికో కట్టుకునే ఎర్ర తాడు క్లిప్పు దాని చోట ఉందా, గేరు న్యూట్రల్‌లో ఉందా, పెట్రోలు ట్యాంకు మూత మీది గాలి స్క్రూ తెరిచి ఉందా. చెప్పడానికే సిగ్గుపడేంత చిన్న విషయాలు. కొత్త ప్లగ్గులు వేయించుకుని, కార్బరేటర్ విప్పించుకుని, చివరికి క్లిప్పు పెట్టగానే స్టార్టయిన మోటార్ల కథలు ప్రతి రేవులోనూ ఉంటాయి.

ఇక పెట్రోలు. అసలు కథంతా ఇక్కడే. ట్యాంకుకీ ఇంజనుకీ మధ్య పైపులో కోడిగుడ్డంత రబ్బరు బల్బు ఉంటుంది. స్టార్ట్ చేసే ముందు దాన్ని నొక్కి పెట్రోలు ఎక్కిస్తాం, ఆ తర్వాత దాని మొహం చూడం. నిజానికి ఆ పడవలో అంత నిజాయితీగా కబురు చెప్పే వస్తువు ఇంకోటి లేదు. ఇంజను దగ్గుతూ ఆగిపోబోతున్నప్పుడు బల్బును చేత్తో పట్టుకుని చూడండి. రెండు పక్కలా లోపలికి పీక్కుపోయి చపాతీలా ఉందంటే ట్యాంకు వైపు నుంచి పెట్రోలు రావడం లేదు. గాలి స్క్రూ మూసి ఉండాలి, లేదా ట్యాంకు అడుగున పీల్చే గొట్టం జాలీకి చెత్త పట్టి ఉండాలి. గాలి స్క్రూ మూసిన మోటారుకు ఒక గుర్తుంది: శుభ్రంగా స్టార్టయి, రేవు దాటి, సరిగ్గా కెరటాల మధ్యకు వెళ్లాక ఆగుతుంది. ట్యాంకులో గాలి ఖాళీ ఏర్పడటానికి ఆ మాత్రం సమయం పడుతుంది మరి.

బల్బు ఎంత నొక్కినా గట్టిపడకపోతే ఎక్కడో గాలి పీలుస్తోందని అర్థం. పైపు చివర ఇంజనుకు తగిలించే కనెక్టర్లో చిన్న రబ్బరు రింగు ఉంటుంది, ముందు దాన్ని చూడాలి. ఎండకు బిరుసెక్కి పగిలి ఉంటుంది. తర్వాత క్లిప్పులు, బల్బు లోపలి కవాటాలు. బల్బు మీద బాణం గుర్తు ఇంజను వైపే ఉండాలి. నొక్కేటప్పుడు ఆ కొస పైకి ఉండేలా నిలువుగా పట్టుకుంటే కవాటాలు సరిగ్గా మూసుకుంటాయి. మూడోది ఇంకా పనికొచ్చేది: ఇంజను ఆగబోతుండగా బల్బు నొక్కుతూ ఉంటే మళ్లీ ఊపందుకుందా? అలా అయితే పెట్రోలు ఉంది, దారీ ఉంది, ఇంజను పక్కనున్న చిన్న పంపులోని పల్చటి పొర అరిగిపోయింది. ఒక మనిషి బల్బు నొక్కుతూ కూర్చుంటే ఆ పూటకు ఒడ్డు చేరవచ్చు కూడా.

పైపుల్లో ఇంకో దొంగ ఉంది. పైకి చక్కగా కనిపించే పాత పైపు లోపలి పొర ఊడి, పెట్రోలు పీల్చినప్పుడల్లా దారి మూస్తుంది, ఆపగానే తెరుచుకుంటుంది. ఒడ్డున చూస్తే ఏ లోపమూ దొరకదు. ట్యాంకు, పైపు, బల్బు మొత్తం తీసేసి తెలిసిన మంచి సెట్టు పెట్టి నడిపితే నిమిషాల్లో తేలుతుంది. పక్క తెప్పవాణ్ణి అడిగి తెచ్చుకున్న ట్యాంకుతో ఇంజను బాగా నడిచిందంటే ఇక ఇంజను విప్పాల్సిన పనే లేదు.

పెట్రోలు నాణ్యత మీద వాదనలు చాలానే ఉన్నాయి. మన దేశంలో ఇథనాల్ కలపడం 2022 నాటికి 10 శాతానికి చేరింది. 2023 ఫిబ్రవరిలో ఈ-20 అమ్మకం మొదలై, 2025 నాటికి దాదాపు దేశమంతటా అదే దొరుకుతోంది. అవుట్‌బోర్డ్ కంపెనీల మాన్యువళ్లు చాలావరకు ఇథనాల్ 10 శాతం మించకూడదనే చెబుతూ వచ్చాయి. కార్లూ బైకుల విషయంలో జరుగుతున్న మైలేజీ రభస పడవవాళ్లకు అంత ముఖ్యం కాదు. పడవలో అసలు చిక్కు నీళ్లతో. ఇథనాల్ తేమను లాగుతుంది. నీళ్ల పాలు ఒక హద్దు దాటితే ఇథనాల్, నీళ్లు కలిసి పెట్రోలు నుంచి విడిపోయి అడుగుకు దిగుతాయి. 10 శాతం మిశ్రమానికి ఆ హద్దు సుమారు అర శాతం. పీల్చే గొట్టం ఉండేదీ అడుగునే. పైగా ఇథనాల్ పాత ట్యాంకు గోడల బంకను కరిగించి కార్బరేటర్‌కు మోసుకొస్తుంది, తట్టుకోలేని రకం పైపుల్ని మెత్తబరుస్తుంది. సముద్రం గాలి తగిలే చోట, మూత సరిగ్గా పట్టని ట్యాంకుతో ఉండేవాళ్లకు ఇది కాగితం మీది భయం కాదు. అనుమానం తీరాలంటే ట్యాంకు అడుగు నుంచి కొంచెం పెట్రోలు ఒక గాజు సీసాలోకి తీసి కాసేపు కదపకుండా ఉంచాలి. అడుగున వేరే పొర కనిపిస్తే ఆ ట్యాంకు మొత్తం పారబోసే సరుకే.

ఇప్పుడు జూన్ 15 నాటి మొరాయింపుకు జవాబు చెప్పవచ్చు. రెండు నెలల్లో కార్బరేటర్ గిన్నెలో మిగిలిన కాస్త పెట్రోలు ఆరిపోయి, పసుపు రంగు బంకగా మారి, నిదానం స్పీడుకు పెట్రోలు ఇచ్చే సన్నటి జెట్టును మూసేసింది. సూదిమొన కన్నా పెద్దగా ఉండని ఆ రంధ్రం అన్నిటికన్నా ముందు పూడుతుంది. అందుకే ఇంజను చోక్ లాగితేనే బతుకుతుంది, చోక్ నెట్టగానే చస్తుంది, లేదా వేగంగా నడిచి నెమ్మది చేయగానే ఆగుతుంది. ఈ లక్షణాలు కనిపిస్తే మెకానిక్కు మాట నిజం, కార్బరేటర్ విప్పాల్సిందే. జెట్టును ఇనుప తీగతో పొడవకూడదు. ఇత్తడి మెత్తన, రంధ్రం సాగితే ఇక లెక్క కుదరదు. క్లీనర్ స్ప్రే, గాలి ఒత్తిడి సరిపోతాయి.

ప్లగ్గు సంగతి. సరంగుల సలహాను నేను కొట్టిపారేయను. ప్లగ్గు మార్చడం కన్నా ప్లగ్గు చూడటం విలువైనదంటాను. బిస్కెట్ రంగులో పొడిగా ఉంటే లోపల మంట బాగుంది. నల్లగా తడిసి నూనె కారుతుంటే పెట్రోలు ఎక్కువైంది, ఆయిల్ ఎక్కువైంది, లేదా స్పార్కు బలహీనం. తెల్లగా పొక్కులు వచ్చి ఉంటే ఇంజను వేడెక్కుతోంది లేదా పెట్రోలు తక్కువ పడుతోంది. తాడు లాగీ లాగీ పెట్రోలు నిండిపోతే కొత్త ప్లగ్గు అక్కర్లేదు. చోక్ నెట్టేసి, థ్రాటిల్ పూర్తిగా తెరిచి నాలుగైదు సార్లు లాగితే ఖాళీ అవుతుంది. ప్లగ్గును ఇంజను ఇనుముకు ఆనించి స్పార్కు చూసేటప్పుడు పక్కన పెట్రోలు చిందకుండా చూసుకోవాలి, మంటలు అంటుకునేది అలాగే. స్పార్కు అసలే లేకపోతే ఆపే స్విచ్ తీగను విడదీసి మళ్లీ చూడాలి. ఉప్పు పట్టి ఆ తీగ షార్ట్ కావడం మామూలే. సీడీఐ మీద నింద వేయాల్సింది ఆ తర్వాతే. వేడిగా ఉండగా ఆగి, చల్లారాక మళ్లీ స్టార్టయ్యే ఇంజనులో ఆగిన వెంటనే స్పార్కు చూడాలి. చల్లారాక చూస్తే తప్పు కనిపించదు.

టూ స్ట్రోక్ మోటార్లలో ఆయిల్ కలపడం గురించి పెద్ద అపోహ ఒకటుంది. ‘కాస్త ఎక్కువ పోస్తే ఇంజనుకు బలం’ అంటారు. ఈ కాలం మోటార్లు ఎక్కువగా 50 పాళ్ల పెట్రోలుకు ఒక పాలు ఆయిల్ అడుగుతాయి. అంటే 10 లీటర్లకు 200 మిల్లీలీటర్లు. కొత్త ఇంజను రన్నింగులో పుస్తకం చెబితే రెట్టింపు. అంతకు మించి పోస్తే అంత మేరకు పెట్రోలు పాలు తగ్గుతుంది, ప్లగ్గు నల్లబడుతుంది, ఎగ్జాస్టులో మసి పేరుకుంటుంది. ఆయిల్ రకం కూడా ముఖ్యం. పాత స్కూటర్లకు, ఆటోలకు వాడిన టూటీ ఆయిల్ గాలితో చల్లబడే ఇంజన్ల కోసం చేసింది. నీళ్లతో చల్లబడే అవుట్‌బోర్డులకు బూడిద మిగల్చని టీసీ-డబ్ల్యూ3 రకం వేరే ఉంది. డబ్బా మీద ఆ గుర్తు చూసి కొనాలి.

నీళ్ల సంగతికి వస్తే, నడుస్తున్న మోటారు వెనక నుంచి ఒక సన్నటి ధార ఎగజిమ్ముతూ ఉంటుంది. అది ఉందా లేదా అని స్టార్టయిన అర నిమిషంలోపు చూడాలి. ధార సన్నగిల్లితే పంపు పోయిందని తేల్చెయ్యక్కర్లేదు. ఆ రంధ్రంలో ఇసుక, ఉప్పు ఇరుక్కుని ఉండవచ్చు. వల మరమ్మతుకు తెచ్చుకున్న నైలాను దారం ముక్కతో పొడిస్తే ధార మామూలుగా రావడం తరచూ చూసేదే. రాకపోతే కింద నీళ్లు పీల్చే జాలీలు చూడాలి. 2024 సెప్టెంబరు తొలి రోజుల్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగినప్పుడు సహాయక బృందాల పడవలు వీధుల్లోనే తిరిగాయి. ఊరి మీద నిలిచిన వరద నీళ్లలో ప్లాస్టిక్ కవర్లు, బట్టలు, తీగలు తేలుతుంటాయి. ఒక కవరు జాలీకి అంటుకుంటే చాలు, ఇంజను నిమిషాల్లో వేడెక్కుతుంది. కొల్లేరులో ఆ పని గుర్రపుడెక్క చేస్తుంది.

ఇవన్నీ బాగుండి ధార లేకపోతే అప్పుడు ఇంపెల్లర్. షాఫ్టు మీద తిరిగే రబ్బరు రెక్కల చక్రం అది. నీళ్లు లేకుండా కాసేపు నడిపినా రెక్కలు మాడి చిరుగుతాయి. ‘ఒడ్డు మీద ఒక్కసారి స్టార్టయిందో లేదో చూద్దాం’ అనే సరదా దానికి ప్రాణాంతకం. మన తీరంలో దానికి ఇంకో శత్రువుంది, ఇసుక. కెరటాలు విరిగే చోట నీళ్లలో ఇసుక తేలుతూ ఉంటుంది. దాన్ని పీల్చుకున్న పంపు గూడు లోపల గీతలు పడి, కొత్త ఇంపెల్లర్ వేసినా నీళ్లు సరిగ్గా ఎక్కవు. పాతది విరిగి ఉంటే రెక్కల ముక్కలన్నీ దొరికాయో లేదో లెక్క చూసుకోవాలి. దొరకని ముక్క పైన ఎక్కడో నీటి దారిలో ఇరుక్కుని ఉంటుంది. ప్రతి వేట తర్వాత పది నిమిషాలు మంచినీళ్లలో నడిపితే ఉప్పు గట్టిపడదు. అవుట్‌బోర్డుల థర్మోస్టాట్‌లు కార్లలోలా 80 డిగ్రీల పైన కాకుండా 50, 60 డిగ్రీల దగ్గరే తెరుచుకునేలా చేయడానికి ఒక కారణం ఈ ఉప్పే, వేడి పెరిగేకొద్దీ పొలుసులు త్వరగా కడతాయి. అలాంటిది అడ్డుపడుతోందని థర్మోస్టాట్‌ను పీకేసి నడపడం మంచి పద్ధతి కాదు.

పంకా వైపు తప్పులు రెండు రకాలు, వాటిని కలిపేసి చూస్తారు. చిన్న మోటార్లలో పంకాను షాఫ్టుకు పట్టించేది ఒక మెత్తటి పిన్ను. రాయికి తగిలితే అది విరిగి గేర్లను కాపాడుతుంది. దాని చోట మేకు కోసి బిగించడం మామూలే. మేకు విరగదు, తర్వాత గేరే విరుగుతుంది. పెద్దవాటిలో పంకా మధ్యన రబ్బరు బుష్షు ఉంటుంది. అది జారితే మోత పెరుగుతుంది, వేగం పెరగదు. లోపలి బుష్షు నుంచి బయటి పంకా దాకా పెయింటుతో అడ్డంగా ఒక గీత గీసి, ఒకసారి గట్టిగా నడిపి వచ్చి చూడండి. గీత రెండు ముక్కలై పక్కకు తప్పిందంటే జారుతున్నట్టే. గీత చెదరకపోతే మోటారు చెక్క మీద మరీ ఎత్తుగా కూర్చుని పంకా గాలి పీలుస్తోంది. పంకా పైనున్న పలక పడవ అడుగు మట్టానికి, లేదా కొంచెం కిందకు రావాలి.

వేటగాళ్ల మోటార్లకు ప్రత్యేకమైన దెబ్బ నైలాను దారం. పంకా వెనక షాఫ్టు మీద చుట్టుకుని, రాపిడికి కరిగి గట్టి ఉంగరంలా అతుక్కుని, సీలును కోసేస్తుంది. బయటికి ఏమీ కనిపించదు. గేరు ఆయిల్ తీసి చూస్తే పాలు కలిపిన టీ రంగులో వస్తుంది. నీళ్లు దిగాయని దానికి అర్థం, సీలు మార్చకుండా ఆయిల్ మాత్రం మార్చితే ఉపయోగం లేదు. కొత్త ఆయిల్‌ను కింది రంధ్రం నుంచే ఎక్కించాలి, పై రంధ్రం నుంచి పొంగేదాకా. పై నుంచి పోస్తే లోపల గాలి మిగిలిపోతుంది. పంకా నట్టు విప్పి దారం ఉందేమో చూడటం ఒక పానా, ఒక కట్టింగ్ ప్లయర్ పని. ఎవరి చేతనైనా అవుతుంది.

మునిగిన మోటారు సంగతి పుస్తకాల్లో ఒక పేజీ ఉంటుంది, తీరంలో అది చాలా ముఖ్యమైన పేజీ. కెరటాల్లో తెప్ప తిరగబడితే ఇంజను లోపలికి ఉప్పునీరు వెళ్తుంది. బయటికి తీశాక ఎండలో ఆరబెడదామన్న ఆలోచనే దాన్ని చంపుతుంది. ఉప్పునీటికి గాలి తోడైతే గంటల్లో తుప్పు మొదలవుతుంది. వెంటనే మంచినీళ్లతో కడగాలి. ప్లగ్గులు తీసి, ప్లగ్గు రంధ్రాలు కిందకు వచ్చేలా పడుకోబెట్టి, తాడు నెమ్మదిగా లాగుతూ నీళ్లు బయటికి పంపాలి. కార్బరేటర్ ఖాళీ చేయాలి, ఫోర్ స్ట్రోక్ అయితే ఆయిల్ మార్చాలి, సిలిండర్‌లో కాస్త ఆయిల్ పోసి అదే రోజు స్టార్ట్ చేయాలి. ఆ పూట చేయలేకపోతే మంచినీళ్ల డ్రమ్ములో ముంచి ఉంచడమే మేలు. వినడానికి వింతగా ఉన్నా గాలి తగలకపోవడమే దానికి రక్ష. నడుస్తుండగా మునిగినా, ఇసుక వెళ్లినా, తాడు లాగితే ఎక్కడో పట్టేసినట్టు అనిపించినా మాత్రం బలవంతం చేయకూడదు. కనెక్టింగ్ రాడ్ వంగి ఉండవచ్చు.

నిషేధ కాలంలో ట్యాంకు నింపి ఉంచాలా, ఖాళీ చేయాలా అన్నదాని మీద రెండు పక్షాలున్నాయి. నింపితే లోపల తేమ పట్టే చోటు ఉండదన్నది పాత వాదన. ఇనుప ట్యాంకులకు, ఇథనాల్ లేని పెట్రోలుకు అది సబబే. ప్లాస్టిక్ ట్యాంకు, ఇప్పటి పెట్రోలు అయితే నేను ఖాళీ చేయమంటాను. ఆఖరి రోజు మంచినీళ్లు అందిస్తూ, పెట్రోలు పైపు ఊడదీసి, ఇంజను దానంతటది ఆగేదాకా నడపాలి. కార్బరేటర్ అడుగు స్క్రూ విప్పి మిగిలిన చుక్కలు కూడా దించేయాలి. ప్లగ్గు రంధ్రంలో ఒక చెంచా ఆయిల్ పోసి రెండుసార్లు లాగి వదలాలి. మిగిలిన పెట్రోలును ఆయిల్ కలపనిదైతే బండిలో పోసుకోవచ్చు. కలిపినదైతే ఆ పని చేయకూడదు. పెట్టడంలోనూ జాగ్రత్త ఉంది. నిలబెట్టి ఉంచడం మేలు. ఫోర్ స్ట్రోక్‌ను పడుకోబెట్టాల్సి వస్తే మోటారు మీద గుర్తు పెట్టిన పక్క మీదే పెట్టాలి. లేకపోతే ఆయిల్ సిలిండర్‌లోకి పోతుంది.

ఇన్ని చూసినా ఇంజను పలకకపోతే తాడు లాగే చెయ్యి ఒక విషయం చెబుతుంది. లాగుతుంటే మధ్యలో ఎదురు తన్నే బరువు తెలియాలి. తాడు నూలు కండెలోంచి వచ్చినట్టు తేలిగ్గా వస్తే సిలిండర్‌లో ఒత్తిడి నిలవడం లేదు. రింగులు, హెడ్ గ్యాస్కెట్, ఫోర్ స్ట్రోక్ అయితే వాల్వులు. అది రేవులో కూర్చుని తేల్చే పని కాదు, గేజీ ఉన్న మెకానిక్కు దగ్గరకు మోసుకెళ్లాల్సిందే. వెళ్లినప్పుడు ‘స్టార్ట్ కావడం లేదు’ అని ఊరుకోకుండా ఎలా ఆగిందో, అప్పుడు బల్బు ఎలా ఉందో, నీటి ధార వచ్చిందో లేదో, ప్లగ్గు ఏ రంగులో ఉందో చెబితే ఆయన కార్బరేటర్ విప్పకుండా మొదలుపెట్టే అవకాశం ఉంది.